నశ్యం డబ్బాలు, నకిలీ సబ్బులు, ఒక మిరపకాయల మెషిన్

ఆఫీసు మారుస్తున్నాం. పిల్లలు ఫైళ్లన్నీ స్కాన్ చేసేసి కాగితాలు అట్టపెట్టెల్లో సర్దారు. చివరికి మూలనున్న ఇనప బీరువా ఒక్కటి మిగిలింది. దాని తాళం ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలీదు. తలుపు తీశానో లేదో గదిలో ఉన్నవాళ్లందరూ వరసపెట్టి తుమ్మడం మొదలుపెట్టారు. ముక్కుపొడుం, అగరొత్తులు, బట్టల సబ్బు, బీడీ ఆకు, మక్కిపోయిన కొబ్బరినూనె, అన్నీ కలిసిపోయిన వాసన.

"సర్, ఏంటిది?" అంది మా జూనియర్ అమ్మాయి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ట్రేడ్‌మార్క్ లా అమ్మా" అన్నాను.

వేరే లాయర్ల ఆఫీసుల్లో పాత కాగితం వాసన ఒక్కటే ఉంటుంది. మా దగ్గర తగువంతా సరుకు మీద కాబట్టి సరుకే సాక్ష్యం. అసలు ప్యాకెట్ ఒకటి, నకిలీ ప్యాకెట్ ఒకటి. రెండింటికీ చీటీ కట్టి, పురికొస చుట్టి, ముడి మీద లక్క ముద్ర వేసేవాళ్లం. కేసు రాజీ అయ్యాక ఎవరూ తీసుకెళ్లరు. పారేద్దామంటే చెయ్యి రాదు. అలా ఏళ్ల తరబడి పోగుపడిన బీరువా అది. పిల్లలు టీకి వెళ్తే నేను స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుండిపోయాను.

*

నేను ఈ పనిలోకి ఏరికోరి రాలేదు. కెమిస్ట్రీ చదివి, తర్వాత లా చదివాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఏం చేసుకోవాలో మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు. మద్రాసులో మా దూరపు బంధువు ఒకాయన, "మా వీధిలో ఒక పెద్ద లాయరు గారు ఉన్నారు, అచ్చం ఇలాంటి కుర్రాడి కోసమే చూస్తున్నారు" అని ఉత్తరం రాశాడు. పేటెంట్ ఆఫీసుకి హెడ్డాఫీసు కలకత్తా, ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీకి బొంబాయి. ఆంధ్రా వాళ్లు మాత్రం రెండింటికీ మద్రాసు బ్రాంచీకే వెళ్లాలి. కాబట్టి పని నేర్చుకోవాలంటే మద్రాసే.

మా సీనియర్ గారు తెలుగువారే. తరాల కిందటే అక్కడ స్థిరపడ్డ కుటుంబం. తమిళంలో కోప్పడేవారు, తెలుగులో బుజ్జగించేవారు, ఇంగ్లీషులో బిల్లు వేసేవారు. చేరిన మొదటి సాయంత్రమే నా చేతిలో ట్రేడ్‌మార్క్స్ జర్నల్ పెట్టి "చదవవోయ్" అన్నారు. లోపల చదువుకుంటూ కూర్చున్నాను. "పైకి చదవవోయ్. నాకు వినపడాలి."

ఈ జర్నల్ అంటే, రిజిస్ట్రేషన్‌కి వచ్చిన మార్కుల్లో రిజిస్ట్రీ అంగీకరించినవాటిని ప్రకటించే పుస్తకం. చూసినవాళ్లెవరికైనా అభ్యంతరం ఉంటే అప్పట్లో మూడు నెలల్లో వ్యతిరేకించాల్సి ఉండేది, అడిగితే ఇంకో నెల ఇచ్చేవారు. ఆ పుస్తకం పోస్టులో రావాలి. గడువులో కొంత దారిలోనే అయిపోయేది. అందుకని వచ్చిన రోజే కూర్చోవాలి. నేను ఒక్కో పేరూ చదివేవాణ్ణి. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేవారు. మా క్లయింట్ల మార్కులన్నీ ఆయన బుర్రలో ఉండేవి. వేలు ఎత్తితే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాలి.

చదవడానికీ ఒక పద్ధతి పెట్టారు. మొదటిసారి మామూలుగా. రెండోసారి గబగబా. మూడోసారి నోట్లో కిళ్లీ ఉన్నవాడిలాగా. "కొట్టు దగ్గర సైకిల్ దిగకుండా అడిగేవాడు అలాగే అడుగుతాడోయ్. వాడికి ఏది వినపడిందో, కొట్టువాడు ఏది ఇచ్చాడో, అదే మన కేసు." కొత్తలో నాకు సిగ్గేసేది. పక్కగదిలో టైపిస్టు నవ్వేది. తర్వాత్తర్వాత కిళ్లీ నోటి యాసలో నేను బాగా ఆరితేరాను.

నశ్యం, అంటే ముక్కుపొడుం, డబ్బాల కేసు కూడా ఆయన నోటే విన్నాను. మద్రాసు వైపు శ్రీ అంబాళ్ అనే నశ్యానికి పెద్ద పేరు. ఇంకొకాయన శ్రీ ఆండాళ్ అని నశ్యం పెట్టి రిజిస్ట్రేషన్ అడిగాడు. అంబాళ్ అమ్మవారు, ఆండాళ్ తిరుప్పావై పాడిన గోదాదేవి. బొమ్మలు వేరు, కథలు వేరు, భక్తులు కూడా వేరు. అయినా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1969లో కోర్టు, పలికితే రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి, బొమ్మ తేడా దాన్ని మార్చలేదు, ఆండాళ్‌కి రిజిస్ట్రేషన్ లేదు అంది. అంతకుముందు అమృతధార, లక్ష్మణధార మందుల కేసులో సగటు తెలివి ఉండి, సరిగ్గా గుర్తుపెట్టుకోలేని కొనుగోలుదారు ఏమనుకుంటాడన్నదే చూడాలని ఇదే కోర్టు చెప్పింది. "ఆయనే మన అసలు జడ్జి. పేరు ఎవరికీ తెలీదు, ప్రతి కేసులోనూ ఉంటాడు" అనేవారు సీనియర్ గారు. ఆయనకీ నశ్యం అలవాటుండేది. ఏ బ్రాండ్ పీల్చేవారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. రెండు వైపులా క్లయింట్లు రావాలి కదా!

*

1958 నాటి చట్టం ఉన్న రోజులవి. రిజిస్టర్‌లో పార్ట్ ఎ, పార్ట్ బి అని రెండు భాగాలు ఉండేవి. పేరుకి కాస్త సొంతదనం ఉంటే ఎ, అంతంతమాత్రమైతే బి. ఏడేళ్లకోసారి రెన్యువల్. సరుకులకే మార్కు, సేవలకి లేదు. హోటల్ పేరు, ట్రావెల్స్ పేరు పట్టుకుని వచ్చినవాళ్లని వెనక్కి పంపేసేవాళ్లం. 2003 సెప్టెంబర్ 15న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక అదంతా మారింది. రెన్యువల్ పదేళ్లయింది. ఎ, బి పోయాయి. సేవలకీ తలుపు తెరిచారు. ఆ వారం మా వరండాలో నిలబడ్డ హోటల్ యజమానుల్ని చూస్తే పెళ్లి భోజనాల బేరానికి వచ్చారా అనిపించింది.

అప్లికేషన్ అంటే టైపింగ్ కన్నా అతికించే పనే ఎక్కువ. ఫారంలో లేబుల్‌కి ఒక చదరం ఉండేది. అగ్గిపెట్టె లేబుల్ అయితే సరిపోయేది. బియ్యం బస్తా మీది బొమ్మో, చీరల పెట్టె మీది లేబులో వచ్చిందంటే చదరంలో పట్టదు. పెద్దదైతే గుడ్డ మీదో ట్రేసింగ్ క్లాత్ మీదో అతికించి, మడత పెట్టి జత చేయాలని రూలు. మా గుమాస్తా గారు మైదాపిండి ఉడికించి జిగురు తానే కాచుకునేవారు. కొన్న గమ్ముతో అతికిస్తే లేబుల్ ఉబ్బుతుందని ఆయన నమ్మకం. బల్ల మీద పాత వేష్టి ముక్క పరిచి, లేబుల్ వెనక బ్రష్‌తో జిగురు పూసి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో నొక్కుకుంటూ పోయేవారు. గాలిబుడగ మిగిలితే గుండుసూదితో పొడిచేవారు. అంత నెమ్మదిగా పని చేసే మనిషి రిజిస్ట్రీ కౌంటర్ మూసే వేళకి మాత్రం బస్సు కన్నా వేగంగా పరుగెత్తేవారు.

మార్కు ఎప్పటినుంచి వాడుతున్నారు అన్నది అసలు ప్రశ్న. మన దగ్గర రిజిస్ట్రేషన్ ముందు చేయించుకున్నవాడి కన్నా సరుకు ముందు అమ్మినవాడిదే పైచెయ్యి. ఎవర్ని అడిగినా "మా తాతగారి కాలం నుంచీ" అంటారు. కాగితం అడిగితే మౌనం. బిల్లు పుస్తకాలు, సేల్స్ టాక్స్ ఆర్డర్లు, సినిమా హాల్లో వేసిన స్లైడుకి కట్టిన రసీదు, ఏది దొరికినా పట్టుకురమ్మనేవాళ్లం.

ఒకసారి ఒక అగరొత్తుల వ్యాపారి తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. బిల్లు పుస్తకాలు చెదలు తినేశాయి. ఎదుటివాళ్లేమో పక్కా కాగితాలతో ఉన్నారు. కేసు పోయినట్టే అని నేను లోపల అనుకుంటున్నాను. ఆవిడ సంచిలోంచి చుట్టచుట్టిన పాత కేలండర్ తీసింది. అడుగున కొట్టు పేరు, మధ్యలో లక్ష్మీదేవి, దేవి పాదాల దగ్గర అగరొత్తుల పెట్టె. పెట్టె మీద అదే లేబుల్, అదే పేరు. పైన పెద్ద అంకెల్లో సంవత్సరం. ఎదుటివాళ్లు చెప్పుకునే తేదీకి బాగా ముందుది. "పాలవాడి లెక్కలు దీని వెనకే రాసుకున్నాను బాబూ, అందుకే పారెయ్యలేదు" అంది. తిప్పి చూస్తే నిజమే. నెలనెలా పాలు, పెరుగు, రాని రోజులకి అడ్డగీతలు. అఫిడవిట్‌కి ఆ కేలండర్ జత చేశాం. అవతలి లాయరు గారు ఆ వెనకవైపు లెక్కలే ఎక్కువసేపు చూశారు. కల్పించడానికి వీల్లేని కాగితం అది. తర్వాత ఏ కొత్త క్లయింట్ వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: పాత కేలండర్లు ఉన్నాయా?

*

లక్క ముద్రలు చూస్తే రైడ్లు గుర్తొస్తాయి. నకిలీ సరుకు ఎక్కడ తయారవుతోందో తెలిస్తే జిల్లా కోర్టుకి వెళ్లి, అవతలివాళ్లకి నోటీసు లేకుండానే ఆర్డర్ తెచ్చుకుని, సోదాకి కోర్టు నియమించిన లాయరు, అంటే అడ్వొకేట్ కమిషనర్‌తో వెళ్లేవాళ్లం. కోర్టు హాల్లోంచి గోడౌన్‌కి వెళ్లేలోపు వార్త మనకన్నా ముందే చేరిపోతుందేమోనని టెన్షన్. అందుకే జీపు డ్రైవరుకి కూడా ఊరు పేరు చెప్పేవాళ్లం కాదు. కుడి, ఎడమ అంతే.

ఒక బట్టల సబ్బు రైడు బాగా గుర్తు. పెంకుటింటి వెనక రేకుల షెడ్డు, అందులో అరల నిండా ఆరబెట్టిన సబ్బులు. యజమాని పారిపోలేదు, కేకలు వేయలేదు. కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించాడు. కమిషనర్ ఇంకా కుర్రాడు, తాగొచ్చో లేదో తెలియక నా వైపు చూశాడు. నేను అటు తిరిగి సబ్బులు లెక్కపెట్టాను.

సబ్బు మీద పేరు అచ్చేసే ఇత్తడి డై చేతిలోకి తీసుకున్నాను. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు చదవాలి. మా క్లయింట్ పేరే, మధ్యలో ఒక్క అక్షరం మార్చాడు. "పేరు వేరే కదండీ" అన్నాడు. చదవండి అన్నాను. కిళ్లీ అవసరం రాలేదు. తనే చదివి, తనే నవ్వేశాడు. వెళ్లేముందు కమిషనర్‌తో, "లెక్క సరిగ్గా రాయండి బాబూ. ఇంకోటి, నిజం చెప్పండి, వాళ్ల సబ్బు కన్నా మాది నురగ ఎక్కువ రాదూ?" అన్నాడు. నురగ సంగతి రిపోర్టులో రాయలేదు. కానీ మా క్లయింట్‌కి చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా సబ్బు తయారీ మార్చాడని మాత్రం విన్నాను.

*

తర్వాత హైదరాబాద్ వచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. ఇక్కడ కథ వేరు. లేబుళ్లు తగ్గాయి, ఫ్లాస్కులు పెరిగాయి. బాలానగర్‌లో ఉన్న ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు ఒక్కొక్కరే బయటికి వచ్చి బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు) యూనిట్లు పెట్టుకుంటున్న ఊరు ఇది. 1970 పేటెంట్ చట్టం ప్రకారం మందుకి పేటెంట్ లేదు, మందు తయారుచేసే పద్ధతికే ఉంది. అది కూడా పేటెంట్ తేదీ నుంచి ఏడేళ్లు, లేదా సీలింగ్ (పేటెంట్‌కి ముద్ర వేసి ఇచ్చిన రోజు) నుంచి ఐదేళ్లు, ఏది ముందైతే అది. మిగతా వస్తువులకి పద్నాలుగేళ్లు ఇచ్చేవారు. కాబట్టి ఒకే మందుకి పది దారులు వెతకడమే మావాళ్ల చదువు, బతుకు కూడా.

వాళ్లతో కూర్చుని క్లెయిములు, అంటే పేటెంట్ ఎంతవరకు వర్తిస్తుందో చెప్పే హద్దులు, రాయడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. కెమిస్ట్ కాగితం మీద 60 నుంచి 65 డిగ్రీలు అని రాసుకొస్తాడు.

"డెబ్భై అయితే?"

"రంగు మారుతుంది సర్."

"అరవై ఆరు?"

"ఏం కాదు."

"మరి పక్క వీధి కంపెనీవాడు అరవై ఆరులో చేసుకుంటే మనం ఏమని అడ్డుకుంటాం?"

ఆయన కాసేపు నా వైపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లిపోయేవాడు. వారం తర్వాత కొత్త పట్టికలతో వచ్చేవాడు. ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో చూసుకుని. ఆ వారంలో ఆయనకి తన ప్రాసెస్ గురించి కొత్త సంగతులు తెలిసేవి. నాకు ఫీజు వచ్చేది.

బొమ్మలున్న స్పెసిఫికేషన్ (పేటెంట్ కోసం ఇచ్చే వివరణ పత్రం) అయితే డ్రాఫ్ట్స్‌మన్ ఇంటికి పరుగు. ఇండియన్ ఇంకుతో గీసిన గీత ఆరేదాకా ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. అన్నీ కుట్టి, చివరి రోజైతే సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఫైలు తల కింద పెట్టుకుని పడుకోవడం, పొద్దున మద్రాసు సెంట్రల్‌లో ముఖం కడుక్కుని కౌంటర్ తెరవక ముందే నిలబడటం. రైలు ఆలస్యమైన పొద్దుల గురించి రాయను. బీపీ పెరుగుతుంది.

2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంట్ వచ్చింది. అప్పటిదాకా తీసుకుని, పరిశీలించకుండా మెయిల్‌బాక్స్ అనే పేరుతో పక్కన పెట్టిన అప్లికేషన్లు ఒక్కసారిగా తెరిచారు. వాటిలో ఒకటి గ్లివెక్ అనే బ్లడ్ క్యాన్సర్ మందుది. మద్రాసు పేటెంట్ ఆఫీసు 2006 జనవరిలో దాన్ని తిరస్కరించింది. అది అన్ని మెట్లూ ఎక్కి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో తేలింది. తెలిసిన పదార్థానికి కొత్త స్ఫటిక రూపం తెస్తే చాలదు, రోగం తగ్గించడంలో మెరుగుదల చూపించాలి అని. ఆ తీర్పుకి ఆధారమైన సెక్షన్ 3(డి) అంటే అప్పటిదాకా మాలో చాలామందికి ఒక వాక్యం. ఆ రోజు నుంచి టీవీల్లో కూడా దాని గురించే. నేను దానికి అనుకూలంగానూ వాదించాను, వ్యతిరేకంగానూ వాదించాను. ఎవరు వకాలత్ ఇస్తే వాళ్ల వైపు. నన్ను అడిగితే మాత్రం ఆ సెక్షన్ ఉండాల్సిందే.

తర్వాతి మార్పులు గబగబా జరిగిపోయాయి. జర్నల్ కంప్యూటర్‌లోకి వెళ్లింది. 2017 రూల్స్‌తో ట్రేడ్‌మార్క్ ఫారాలు 74 నుంచి 8కి దిగాయి. మద్రాసులో పెట్టిన అప్పీళ్ల బోర్డు 2003లో మొదలై 2021లో రద్దయింది, అప్పీళ్లు మళ్లీ హైకోర్టులకే. హియరింగులు వీడియోలో. చొక్కా ఒక్కటీ ఇస్త్రీదైతే చాలు.

*

బీరువా అడుగున ఒక రబ్బరు చుట్టిన రోలర్ ముక్క దొరికింది. దానికి చీటీ లేదు, ముద్రా లేదు. అది కేసుది కాదు.

గుంటూరు వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. వెల్డింగ్ షాపు. మిరపకాయలకి తొడిమలు తీసే మెషిన్ చేశాడు. యార్డుల్లో ఆడవాళ్లు రోజంతా కూర్చుని చేత్తో తీసే పని అది. వేళ్లు మండిపోతాయి. వాళ్లావిడ కూడా ఆ పని చేసిందట. అందుకే మొదలుపెట్టాడు. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్య తొడిమ చిక్కుకుని తెగుతుంది, కాయ పైనే ఉండిపోతుంది.

పేటెంట్ కావాలన్నాడు. ముందుగా నా బల్ల మీద ఒక పేపర్ కటింగ్ పెట్టాడు, లామినేషన్ చేయించి. జిల్లా ఎడిషన్‌లో సగం పేజీ. మెషిన్ ఫొటో, పక్కన ఆయన, లోపల రోలర్లు ఎలా తిరుగుతాయో బొమ్మ వేసి మరీ వివరించారు. రాసిన విలేకరి బాగా రాశాడు. కొంచెం తక్కువ బాగా రాసి ఉంటే బాగుండేది.

ఈ వృత్తిలో నాకు నచ్చని ఘడియ ఇదే. మనిషి గర్వంగా తెచ్చిన కాగితమే ఆయన పేటెంట్‌కి అడ్డం అని చెప్పడం. దరఖాస్తు వేయకముందే లోకానికి తెలిసిపోతే అది కొత్తది కాదు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి, వాటిలో పేపర్ ఫొటో లేదు. చెప్పాను. ఆయన కటింగ్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "నేను చేసింది నేనే చూపిస్తే, నాది కాకుండా పోతుందా లాయర్ గారూ?" అన్నాడు. చట్టం తెలిసినవాడికి జవాబు సులువే. ఆయన ముఖం చూస్తూ చెప్పడమే కష్టం.

కాఫీ తెప్పించి, ఫొటో తీశాక ఏమైనా మార్చారా అని అడిగాను. మార్చకుండా ఉంటాడా! రోలర్ నున్నగా ఉంటే కాయ అడ్డం తిరుగుతోందని రబ్బరు మీద మెలికగా గాడి కోశాడు. దాంతో కాయ తొడిమ కిందికి వచ్చేలా నిలబడుతోంది. ఆ ముక్క సంచిలోంచి తీసి బల్ల మీద దొర్లించాడు. ఇది ఎవరికైనా చూపించారా? లేదు. పేపర్‌లో ఉందా? లేదు. ఆ మధ్యాహ్నమే ఆ గాడి మీద ప్రొవిజనల్, అంటే తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు, రాయడం మొదలుపెట్టాం.

పేటెంట్ వచ్చింది. ఏటా రెన్యువల్ ఫీజు పోస్టులో పంపమన్నా వినేవాడు కాదు, తనే బస్సెక్కి వచ్చి కట్టేవాడు. ఎండుమిరపకాయల మూట తెచ్చి రిసెప్షన్‌లో పెట్టేవాడు. కొన్నేళ్లకి ఒక ఏడాది వచ్చి, "ఈసారి కట్టనండి" అన్నాడు. కట్టకపోతే పేటెంట్ పోతుందని వివరంగా చెప్పబోయాను. చేత్తో ఆపేశాడు.

"పోనీండి. దాన్ని ఎవరు చేసుకుంటే నాకేం. దానికన్నా మంచిది చేశాను."

"ఎక్కడుంది?"

ఆయన లేచి, నా గది తలుపు వేసి గడియ పెట్టి వచ్చాడు. "ఈసారి మా ఆవిడకి కూడా చూపించలేదు" అంటూ సంచి విప్పాడు.